చూపులేని చదువు

కళాశాలలో చేరిన విద్యార్థికి చిత్రమును, శిల్పమును చూచి గ్రహించుట నేర్పు ప్రవేశపాఠ్య మొకటి యుండవలెనని యెవరైన ననినచో మనవారిలో పెక్కురు చిఱునవ్వుతో త్రోసిపుచ్చెదరు. లెక్కలు రానివానిని చూచి జాలిపడుదుము. ఆంగ్లము రానివానిని చూచి కంగారుపడుదుము. కన్నులుండియు చూడనేరనివానిని చూచి మాత్రము మనకు దిగులు కలుగదు. ఏలయన, ఆ జబ్బు మన కందఱకును గలదు. అందఱకు నున్న జబ్బు జబ్బుగా తోపదు గదా!

2020 నాటి జాతీయ విద్యావిధానము కళలకును శాస్త్రములకును నడుమ గట్టి గోడ లుండరాదని పలికినది. మాట మంచిదే. కాని పత్రములోని మంచిమాట తరగతిలోనికి వచ్చునప్పటికి దాని కేమి గతి పట్టునో బడిపంతుళ్లమగు మే మెఱుగుదుము. ముందుగా నొక గైడుపుస్తకము వచ్చును. మోనాలీసాను చిత్రించినవా రెవరు, అజంతాలో గుహ లెన్ని, చిత్రషడంగము లెవ్వి యని ప్రశ్నలును, వాని క్రింద రెండేసి పంక్తుల జవాబులును అందుండును. బొమ్మ లుండవు. ఉన్నను, మసిబట్టిన యచ్చులో మోనాలీసాకును గ్రహణము పట్టిన చంద్రునకును భేదము తెలియదు. విద్యార్థి రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని యాఱు పేళ్లను గ్రుక్క తిప్పుకొనక వల్లించి, మార్కులు సంపాదించి, ఇంటికి పోవుచు త్రోవలోని గుడిగోడను కన్నెత్తియైనను చూడడు. ఇది కళాస్వాదనము కాదు. పాకశాస్త్రమును కంఠస్థము చేసి పస్తు పండుకొనుట. కామసూత్రములకు వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు ఆ యాఱంగములను చెప్పినది కంటికి దారి చూపుటకే గాని నోటికి పని కల్పించుటకు గాదు.

కావున మేము రెండు పక్షములతోను పోరాడవలసియున్నది. ఇట్టి పాఠ్యమే వలదనువారు ఒక పక్షము. పాఠ్యమును పెట్టి దాని ప్రాణమును తీయువారు రెండవ పక్షము. మొదటివారి యాక్షేపణలను ముందు విచారింతము.

వారి మొదటి మాట యిది: "ఆకలిగొన్నవానికి బొమ్మ లేల?" టెక్కలి, పలాస ప్రాంతములలో నీ ప్రశ్న వట్టి వాదము కాదు. ఉద్దానపు పల్లెలను ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి పీల్చివేయుచున్నది. దాని మూలమేదియో వైద్యులు నిశ్చయముగా తేల్చి చెప్పలేకున్నారు. 2018 అక్టోబరు 11వ తేదీన పలాసకు చేరువగా తీరము దాటిన తిత్లీ తుపాను, తరతరములు పెంచుకొన్న కొబ్బరితోటలను, జీడితోటలను ఒక్క పూటలో నేల గూల్చినది. ఇట్టిచోట పిల్లవానికి శిల్పసౌందర్యము బోధించుట విలాసము కాదా యని అడుగుదురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. దీనికి మూడు సమాధానములు చెప్పెదము.

మొదటిది: బీదవాని కన్ను ఖాళీగా నున్నదని తలచుట పొరపాటు. ఉదయము మొదలు రాత్రివఱకు వాని కన్నులయెదుట బొమ్మలే. చేతిలోని ఫోనులో బొమ్మలు, కూడలిలో నిలువెత్తు ఫ్లెక్సీలు, బస్సు వెనుక ప్రకటనలు, ఎన్నికల నాయకుల చిఱునవ్వులు. ఏ రంగు పెట్టిన కన్నాగునో, ఏ ముఖమును పెద్దది చేసి దేనిని చిన్నది చేసిన నమ్మకము పుట్టునో, ఆ బొమ్మలను చేయువారికి చక్కగా తెలియును. చూచువానికి తెలియదు. తూకము తెలియనివాడు సంతలో మోసపోయినట్లు, చూపు తెలియనివాడు బొమ్మల సంతలో మోసపోవును. కావున కళాస్వాదనము ధనవంతుని యలంకారము కాదు, బీదవాని యాత్మరక్షణము.

రెండవది: కళ ధనవంతుల సొత్తనుట ఈ జిల్లావారి నోట రాదగిన మాట కాదు. బూడితి కంచరులు పోతపోసిన పాత్రల వంపును చూడుడు. పొందూరులో వాలుగ చేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, సన్నని నూలు వడకి నేసిన ఖాదీని వ్రేళ్ల నడుమ పట్టిచూడుడు. వీనిని చేసిన చేతులు బీదవారివి. ఆ చేతులకు కూడు పెట్టవలసినది భేద మెఱిగి కొను కన్ను. ఆ కన్ను లేకపోయినచో మర పాత్రయు చేతిపాత్రయు ఒక్కటే, మిల్లుగుడ్డయు ఖాదీయు ఒక్కటే, చవుకైనదే గెలుచును. కళాస్వాదనము కూడు పెట్టదనువారు, అది లేకపోవుటచే నెవరి కూడు పోయినదో లెక్కించిరా?

మూడవది: కొబ్బరిమొక్క నాటినవాడు మఱునాడే కాయ నడుగడు. తుపాను పిదప ఉద్దానపు రైతు మరల మొక్కలే నాటెను గాని, ఏండ్లు పట్టునని నేలను విడువలేదు. చూపును అట్టి పంటయే.

ఇక రెండవ యాక్షేపణ భక్తులది. దేవుని చూచి దండము పెట్టవలెను గాని రేఖలు, వంపులు విమర్శింతురా యని వారి కోపము. ఈ రావివలసలోని యెండల మల్లికార్జునస్వామినే దృష్టాంతముగా తీసికొందము. స్వామికి పైకప్పు లేదు. ఎండయు వానయు నేరుగా లింగముపై పడును. కార్తిక సోమవారములందు వేలకొలది జనులు వచ్చి దర్శించుకొని పోవుదురు. కప్పు లేని గర్భాలయములో ప్రొద్దుటి యేటవాలు వెలుగునందు శిల యొక తీరుగను, మిట్టమధ్యాహ్నము నీడ లేని వెలుగునందు వేఱొక తీరుగను, సాయంసంధ్యయందు మఱియొక తీరుగను కానవచ్చును. వెలుతురు రూపమును దిద్దునను సత్యమును నేర్పుటకు ఇంతకంటె మంచి బడి యెక్కడ నున్నది? దానిని గమనించిన భక్తుని భక్తి యెంత తగ్గును? మా యెఱుకలో నది హెచ్చునే గాని తగ్గదు.

చూడనేరని భక్తి యేమి చేయుచున్నదో కూడ చెప్పవలెను. జీర్ణోద్ధారణ మను పేరిట ఊరూర ప్రాత శిల్పములకు ఎనామెలు రంగులు పూయుచున్నారు. ఉలి చెక్కిన సన్నని గీతలను సున్నముతో పూడ్చుచున్నారు. ప్రాకారమునకు స్నానపుగది పలకల నంటించుచున్నారు. చేయువారు దుర్మార్గులు కారు. చందాలు పోగుచేసి, ఎండలో నిలిచి పని చేయించు సజ్జనులు. వారిలో పట్టభద్రు లున్నారు, ఉద్యోగు లున్నారు. వారికి లేనిది ధనము కాదు, భక్తి కాదు, చదువును కాదు, చూపు. పదునైదేండ్లు బడిలోను కళాశాలలోను కూర్చుండబెట్టి మనము వారి కొక్కనాడైనను చూచుట నేర్పలేదు. ఆ నేరము వారిది కాదు, మన చదువుది.

ఇది క్రొత్త రోగమును కాదు. 1797లో కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చునప్పటికే అచ్చటి మహాస్తూపపు పలకలు క్రొత్త కట్టడములకై తరలిపోవుచుండెను. సున్నమునకై కాల్చినవియు గలవు. మిగిలినవానిలో పెక్కు నేడు చెన్నపట్టణపు మ్యూజియములోను, లండనులోని బ్రిటిషు మ్యూజియములోను నున్నవి. దొరలు కొనిపోయిరని దుఃఖించుట న్యాయమే. కాని వారు కొనిపోవుటకు ముందే మనము సున్నము కాల్చితిమని మఱచుట న్యాయము కాదు. చూడబడనిది కాపాడబడదు, ఇదియే మా వాదమునకంతకును మూలము.

మూడవ యాక్షేపణ మర్యాదస్థులది: గుడిగోడలమీద ఆడుపిల్లలయెదుట మాటాడరాని శిల్పము లుండునట. ఆ గోడలచుట్టు మన తల్లులు, అవ్వలు తరతరములుగా ప్రదక్షిణము చేసియే యున్నారు. సిగ్గు శిల్పములో లేదు, బోధించు పంతులులో నున్నది. దీనిపై నింతకంటె వ్రాయ నక్కరలేదు.

నాలుగవ వారు, ఇది పాశ్చాత్యుల వేలంవెఱ్ఱి యందురు. విష్ణుధర్మోత్తరపురాణములో వజ్రమహారాజు ప్రతిమాలక్షణము నుపదేశింపుమని అడుగగా, మార్కండేయుడు చిత్రము తెలియక ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, దానికి వాద్యమును, వాద్యమునకు గీతమును కావలెననియు క్రమముగా చెప్పెను. ఒక రాజునకు చూచుట నేర్పుటకు ఇన్ని విద్యలు కావలెనని యెంచిన దేశములో, చూచుట నేర్పుమన్న పరదేశపు మాట యనుట వింతగానున్నది.

కడపటి యాక్షేపణ, బోధించు నుపాధ్యాయులు లేరనునది. దీనికి సమాధానము మన జిల్లాలోనే పుట్టినది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడిలో బడిపంతులుగా బ్రదుకు సాగించినవారు. శాసనములు చదువుట వారి కెవరును ఉద్యోగముగా నీయలేదు. ముఖలింగపు ఱాళ్లను చూచిరి, విడువక చూచిరి, చదివిరి. 1919లో సాలిహుండము కొండమీది బౌద్ధశిథిలములను వెలుగులోనికి తెచ్చినవారును వారే. సవరలను మనుష్యులుగా చూచి, వారి భాష నేర్చి, దానికి నిఘంటువును వ్యాకరణమును కూర్చినవారును వారే. వాడుకభాషకై యంత పోరాడిన ఆ మహనీయుడు మా యీ గ్రాంథికమును మెచ్చకపోవును గాక, మా వాదమును మాత్రము కాదనడు. ఒక బడిపంతులు కన్ను తెఱచినచో చాలునని ఆయన జీవితమే సాక్ష్యము.

ఇక రెండవ పక్షమునకు, అనగా పాఠ్యమును పెట్టి చంపువారికి, మా ప్రతిపాదనము. పదునైదు వారముల పాఠ్యమును మూడు భాగములు చేయవలెను. మొదటి యైదు వారములు పుస్తకము ముట్టరాదు. వారమున కొక వస్తువు: బూడితి చెంబు, పొందూరు పంచె, వాకిటి ముగ్గు, ఒక కుండ, ఒక ఱాయి. అరగంట మౌనముగా చూడవలెను. తెలిసినది గాక, కనబడినది వ్రాయవలెను. పిదప గీయవలెను, వంకరగా వచ్చినను దోషము లేదు, ఏలయన గీయుట యిచ్చట కన్నును నిలుపుటకు గాని చిత్రకారులను తయారుచేయుటకు గాదు. మాటలు లేవనుటయు వట్టి సాకు. చుక్క, గీత, మెలిక, వంపు, ఒరపు, నీడ, నిండు, వెలితి యను మాటలు మన యిండ్లలో ముగ్గు పెట్టు ప్రతి యింతికిని తెలియును. ఆమె యెఱిగిన భాషను ప్రొఫెసరు నేర్చుకొన్న చాలును.

రెండవ యైదు వారములు కాలినడకకు. శ్రీముఖలింగములో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు మూడును చూపి, ఈ కళింగశిఖరము వంపు తిరిగి యేల లేచినది, ద్రాక్షారామపు విమానము మెట్లుమెట్లుగా నేల లేచినది యని యడుగవలెను. జర్మనులో బోధించిన వుల్ఫ్లిన్ పండితుడు రెండు చిత్రములను ప్రక్కప్రక్కన తెఱమీద చూపి పోల్చి నేర్పుచుండెను. నేడు ఆ పని రెండు ఫోనులతో కాగలదు. సాలిహుండములో వంశధార యొడ్డున స్తూపమును, తారా మారీచీ మూర్తులను చూడవలెను. శ్రీకూర్మములో ప్రదక్షిణపు గోడలమీది చిత్రములు ఎంత మిగిలినవో, ఎంత చెఱిగినవో వ్రాసికొనవలెను. పిదప, 2022లో పార్వతీపురం మన్యము జిల్లాలో చేరిన సీతంపేట కొండలకు పోయి, ఇంటివారి సెలవు తీసికొని, సవరల గోడచిత్రముల నడుగవలెను. ఎఱ్ఱమట్టి యలికిన గోడమీద బియ్యపుపిండితో వారు చచ్చిన పెద్దలకై, రోగము తొలగుటకై, పంటకై వ్రాయు ఆ బొమ్మలను వింతవస్తువులవలె చూచువానికి ఆ పాఠ్యములో తప్పినట్లే. వెరియర్ ఎల్విన్ తన నాడు సవరల బొమ్మలలో విమానమునుకూడ చూచెను. తమ కాలమును తమ గోడమీది కెక్కించుకొన్న వారిని ఆటవికులని, మసిబట్టిన మోనాలీసాను వల్లించిన మనలను నాగరికులని యెవడు నిర్ణయించెను?

కడపటి యైదు వారములు దూరపుచూపునకు. అమరావతి, అజంతా, లేపాక్షి. పిదప, 1897లో పుట్టి 1925లోనే మరణించినను ఆంధ్రచిత్రకళకు క్రొత్త ప్రాణము పోసిన దామెర్ల రామారావు. ఆయనను గుర్తించినవాడు రాజమహేంద్రవరపు కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర యని మఱువరాదు. ఒక కళాశాలలో ఒక్కనికి చూపున్నచో ఏమి కాగలదో దీనివలన తెలియును. పిదప శ్రీకాకుళములో 1921లో జన్మించి, చందమామ, యువ పత్రికల ముఖపత్రములద్వారా తెలుగు లోగిళ్లలోనికి చిత్రకళను గొనివచ్చిన వడ్డాది పాపయ్య. అప్పుడు ఐరోపా, అప్పుడు జపాను. ఇంటినుండి బయలుదేరినవాడే ఊరు చేరును. గాలిలోనుండి దిగినవాడు కాదు.

పరీక్ష యెట్లని అడుగుదురు. విద్యార్థి ముందెన్నడు చూడని వస్తువు నొకదానిని ఎదుట నుంచి మూడు ప్రశ్న లడుగవలెను: ఏమి చూచితివి? అది యెట్లు కూర్చబడినది? నీకు కలిగిన భావమునకు హేతువు అందెక్కడ నున్నది? పేళ్లు, తేదీలు అడుగరాదు. దీనికి మార్కులు వేయుట యెట్లందురా? పద్యమునకు రసము వివరింపుమని మార్కులు వేయుచునేయున్నాము గదా. శిల్ప మేమి పాపము చేసెను?

ఈ మార్పు కళాశాలలవలననే రావలెనని కూర్చుండినచో మనుమలకును రాదు. కావున చదువరులను, విశేషించి గృహిణులను, మే మొక్కటి కోరుచున్నాము. పిల్లవాడు కళాశాలనుండి వచ్చినపుడు, మార్కు లెన్ని వచ్చినవని అడిగిన పిదప, ఈ దినము నేమి చూచితివని కూడ అడుగుడు. గ్రామములో గుడికి రంగు పూయించుటకు చందా అడుగ వచ్చినపుడు, ఏ రాతికి, ఏ రంగు, ఎవ రేల నిర్ణయించిరని అడిగి గాని యీయకుడు. ఈ ప్రశ్నలు రెండును ఇంటింట పుట్టిననాడు కళాశాలవారు పాఠ్యమును పెట్టకతప్పదు. పెట్టిన పాఠ్యమును చంపుటకు వారికి ధైర్యము చాలదు.