ఆడక గడపిన యేడు

1891వ సంవత్సరము డిసెంబరు మాసమున, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు నగరమందలి వై.యం.సి.ఏ. శిక్షణాలయములో జేమ్సు నైస్మిత్ అను నుపాధ్యాయుడు రెండు పండ్లబుట్టలను ఎత్తున బిగించి బాస్కెట్ బాల్ ఆటను కల్పించెను. ఆయన దైవశాస్త్రము నభ్యసించినవాడు. ఆటవలన శీలము వృద్ధి నొందవలెనని ఆయన యాశయము.

అదే యాట నేడు ఆ దేశపు కళాశాలలలో గొప్ప వ్యాపారమైనది. శిక్షకులు ఉన్నత పాఠశాలలకు బోయి, నేర్పుగల బాలురను వెదకి, విద్యార్థి వేతనము లిచ్చి చేర్చుకొందురు. 2021 నుండి ఆటగాండ్రు తమ పేరును ప్రకటనలకిచ్చి ధనము గడించుటకును, 2025 నుండి కళాశాలలే వారికి ధనమిచ్చుటకును అనుమతి గలిగినది. కొందరు బాలురు పాఠశాల చదువును త్వరగా ముగించి, ఆటకాలము నడుమ జనవరిలోనే కళాశాలలో ప్రవేశించి, ఆ యేడు పందెములాడక అభ్యాసము మాత్రము చేయుదురు. ఇట్లు ఆగుటను వారు ‘రెడ్ షర్టు’ అందురు.

ఈ పద్ధతి మంచిదా, చెడ్డదా? ఆగుట చెడ్డదని నేననజాలను. నారుమడినుండి తీసి నాటిన పైరు తెప్పరిల్లుటకు కొన్నాళ్లు పట్టును గదా! 1972కు పూర్వము మొదటి యేటి విద్యార్థులు కళాశాల ప్రధాన జట్టులో ఆడుటకే వీలులేకుండెను. లూ ఆల్సిండర్, అనగా పిమ్మట కరీమ్ అబ్దుల్ జబ్బార్ అని ప్రసిద్ధి కెక్కినవాడు, 1965లో అట్లే వేచియుండెను. తరువాత 1967, 1968, 1969 సంవత్సరములలో తన కళాశాలకు వరుసగా మూడు విజయములు తెచ్చెను. వేచియుండుట ఆయనకు కొరత గాలేదు.

ఐనను ఆగుటలో రెండు విధములు గలవు. 2017 జనవరిలో హమీదు డియాలో కెంటకీ విశ్వవిద్యాలయమున జేరి, ఆ కాలమున ఆడక, మరుసటి యేడు జట్టుతో ఆడెను. 2022 జనవరిలో షేడన్ షార్ప్ అచ్చటనే చేరి, ఒక్క పందెమైన నాడకయే, జూను నెలలో వృత్తిజట్ల యెంపికలో 7వ వాడుగా పోర్ట్‌లాండ్ జట్టునకు బోయెను. ఇందు బాలుని దూషింపరాదు. ఆటగాని బలము అల్పకాలికము. ఒక్క దెబ్బతో జీవనోపాధి పోవచ్చును. కుటుంబము ఆశపడుట సహజము. ఎంపిక జరుగు సంవత్సరమున 19 యేండ్లు నిండువాడై, పాఠశాల తరగతి ముగిసి యొక యేడు గడచినగాని వృత్తిజట్టులో జేర్చుకొనరాదని 2006 నుండి యుండిన నియమమే కళాశాలను బాటసారుల సత్రముగా జేసినది.

కావున కళాశాలలవారే ఆలోచింపవలెను. ఆడని యేడు చదువు సాగిన యేడు కావలెను. దెబ్బతగిలినను విద్యార్థి వేతనము నిలుచునని వ్రాసి యీయవలెను. తలిదండ్రులు కూడ “మా బిడ్డ యెన్నడు ఆడును?” అని యడుగుటకు ముందు, “ఆట పోయిననాడు వాని చేతిలో ఏమి మిగులును?” అని యడుగవలెను. ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పలేని విద్యాలయము, ఎంత గొప్ప క్రీడాశాల గలదైనను, బాలుని కొనినదే గాని చేర్చుకొన్నది కాదు.