గడ్డ గుట్టు చెప్పే రంగు!

జీర్ణాశయంలోనో పేగుల్లోనో ఉన్న గడ్డను ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోదు. అదే గడ్డో తేలాలి. మైక్రోస్కోపులో నునుపు కండరం గడ్డ, ‘జిస్ట్’ అనే మరో రకం గడ్డ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. జిస్ట్‌లలో ‘కిట్’ జన్యువు మార్పుల్ని 1998లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. అంతకుముందు చాలా జిస్ట్‌లను కండరం గడ్డలనే అనుకునేవారు.

ఇప్పుడు ఆ తేడా చెప్పేవి యాంటీబాడీలు. ఒక్కోటీ తనకు సరిపడే ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలేలా చేస్తారు. డెస్మిన్, యాక్టిన్‌లకు రంగొస్తే సాధారణంగా నునుపు కండరం. సీడీ117, డాగ్1లకు వస్తే జిస్ట్. కొన్ని జిస్ట్‌లలో యాక్టిన్ కూడా ఉంటుంది కాబట్టి, ఒక్కదాన్నే నమ్మకుండా కొన్నింటిని కలిపి చూస్తారు.

ఇదంతా ఎందుకూ అంటే... మందు మారిపోతుంది కాబట్టి! చాలా జిస్ట్‌లకు ఇమాటినిబ్ మాత్ర బాగా పనిచేస్తుంది. నునుపు కండరం క్యాన్సర్‌కి దానితో ప్రయోజనం ఉండదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆపరేషన్ చేయించుకుని, తరవాత హైదరాబాద్‌లోని నిమ్స్‌కో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లేవారు రిపోర్టుతోపాటు ‘బ్లాక్’నూ అడిగి తీసుకోవాలి. గడ్డ ముక్కను మైనంలో పొదిగి ఉంచేదే బ్లాక్. అదుంటే ఈ పరీక్ష కోసం సాధారణంగా మళ్లీ ముక్క తీయక్కర్లేదు. ఎండ వేడికి మైనం కరిగే ప్రమాదం ఉంది... జాగ్రత్త!