పిలవని చుట్టాలు

రాజోలు తాలూకా వాళ్లకు మాఘమాసం అంటే అంతర్వేది. స్వామి కల్యాణం, భీష్మ ఏకాదశినాటి రథం, పిల్లలకు జీళ్లు, సముద్రస్నానం. సరిగ్గా ఆ రోజుల్లోనే, శుభలేఖ అందకపోయినా, మన కోనసీమ తీరానికి మరో చుట్టం పురిటికి వస్తుంది. ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేలు.

రెండడుగుల పొడవు, నలభై కిలోల బరువు. రాత్రివేళ ఇసక మీదికి దేకి, వెనకకాళ్లతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, కప్పేసి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి తిరిగి చూడదు. మిగతా పెంపకమంతా ఇసకదే. ఇసక బాగా వెచ్చగా ఉంటే ఆడపిల్లలు, కాస్త చల్లబడితే మగపిల్లలు! సుమారు యాభై రోజులు పడుతుంది.

ఆ యాభై రోజులూ కుక్కలు ఊరుకోవాలి కదా! కిందటేడు ఒక పెద్దమనిషి తన జాతికుక్కను ఇసకలో విడిచిపెట్టి, అది తవ్వుతూంటే ముచ్చటపడుతున్నాడు. పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలాయన లేచాడు.

"ఆయ్, దాన్ని పట్టుకోండి బాబూ! అక్కడ తాబేలు గుడ్లుంటాయండి."

"కుక్కన్నాక తవ్వదటయ్యా?"

"తవ్వుద్దండి. అందుకే గొలుసు మీ చేతిలో ఉండాలండి."

ఇంతకంటే నేను చెప్పగలిగింది లేదు. ఊరకుక్కల మాటంటారా, వాటిని ఒడ్డుకు పిలిచేది మనమే. పులిహోర విస్తళ్లు ఇసకలో పారేస్తే అవి అక్కడే కాపురం పెడతాయి. వలల్లో చిక్కి, గాలి అందక చచ్చే తాబేళ్లు కూడా ఎన్నో ఉన్నాయి. ఆ సంగతి మరోసారి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూలులో దీన్ని చేర్చారు గనుక, గుడ్లు తీసుకుపోతే జైలే.

గుడ్లు కనబడితే జాలిపడి పక్కకు మార్చకండి. అటూ ఇటూ దొర్లితే లోపలి పిండం చచ్చిపోతుంది. అటవీశాఖవారికి కబురు చేయండి. పిల్లలు రాత్రిపూట బయటపడి, సముద్రం మీది వెలుతురు చూసుకుని పరుగెడతాయి. మీ టార్చి వేస్తే మీవైపే వస్తాయి, పాపం. ఫాల్గుణం, చైత్రాల్లో మీ కుక్కను తెల్లవారుజామున గోదావరి గట్టున తిప్పుకోండి.