బలముల ఏకత్వము: సలాం సిద్ధాంతమునకు సాక్ష్యమెక్కడ?

ప్రకృతియందలి సమస్త వ్యాపారములకును నాలుగు బలములు మూలమని నేటి భౌతికశాస్త్రము చెప్పుచున్నది. వస్తువులను భూమికి దించు గురుత్వాకర్షణము, దీపమును వెలిగించి రేడియోను పలికించు విద్యుదయస్కాంత బలము, పరమాణు కేంద్రకమును చెదరనీయక పట్టియుంచు ప్రబల బలము, కొన్ని రేడియోధార్మిక పదార్థముల క్షయమునకు హేతువగు దుర్బల బలము అను నీ నాలుగును నిజమునకు ఒక్క మూలశక్తియొక్క రూపభేదములే యని నిరూపింపవలెనను సంకల్పము శాస్త్రజ్ఞులలో చిరకాలముగా నున్నది. అందులో ఎంత భాగము రుజువైనదో, ఎంత భాగము ఇంకను ఊహగానే మిగిలినదో విడదీసి చూచుటకు అబ్దుస్ సలాం పరిశోధనా జీవితము తగిన నిదర్శనము.

అవిభక్త పంజాబునందలి ఝంగ్ పట్టణమున పెరిగి, లాహోరు, కేంబ్రిడ్జి నగరములలో చదివి, లండనులోని ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యుడై, వర్ధమాన దేశముల శాస్త్రజ్ఞులు ఏకాకులు కాకుండుటకై 1964లో ఇటలీదేశపు ట్రియెస్తె నగరమున అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రమును నెలకొల్పిన సలాం, విద్యుదయస్కాంత, దుర్బల బలములు రెండును అధిక శక్తియొద్ద ఒక్కటే యని గణితముఖమున చూపినవారిలో నొకడు. షెల్డన్ గ్లాషో అంతకుముందే పునాది వేసియున్న ఈ సిద్ధాంతమునకు 1967, 1968 సంవత్సరములలో స్టీవెన్ వైన్‌బర్గును, సలామును వేర్వేరుగా పూర్ణరూప మిచ్చిరి. అది ఊహించిన విలక్షణ ప్రక్రియ 1973లో జెనీవా సమీపమునందలి సెర్న్ ప్రయోగశాలలో కనబడినది. మువ్వురకును 1979లో నోబెల్ బహుమానము లభించినది. 1983లో దుర్బల బలమును మోయు డబ్ల్యు, జడ్ కణములు సిద్ధాంతము సూచించిన బరువులతోనే సెర్న్‌లో దొరకినవి. ఇంతవరకు సందేహమునకు తావు లేదు.

ఇంతటితో సలాం తృప్తి చెందలేదు. ఒడిశాలో జన్మించి అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన జోగేశ్ పతితో కలసి 1973, 1974 సంవత్సరములలో ఆయన ప్రబల బలమును గూడ ఈ ఏకీకరణములో చేర్చ యత్నించెను. ప్రోటానును కూర్చు క్వార్కులకు వర్ణములని పేరుగల మూడు భేదములు కలవని శాస్త్రజ్ఞులు చెప్పుచుండగా, ఎలక్ట్రాను మొదలగు లెప్టానులు వేఱొక జాతి కావనియు, అవి నాలుగవ వర్ణమే యనియు వారిరువురు ప్రతిపాదించిరి. దీనినుండి రెండు ఫలితములు వెడలినవి. క్వార్కు లెప్టానుగా మారగలిగినచో ప్రోటాను శాశ్వతము కానేరదు. విద్యుదావేశము లేని లెప్టానగు న్యూట్రినోకు అప్పటివరకు లేదనుకొన్న కుడివాటపు రూపము ఉండితీరవలెను. అట్లుండినచో దానికి ద్రవ్యరాశి కలుగుటకు మార్గ మేర్పడును.

ప్రోటాను నశించుననిన మాత్రమున ఆ నాశమును చూచుట సులభము కాదు; దాని ఆయుర్దాయము విశ్వము వయస్సుకంటె కోట్ల కోట్ల రెట్లు. శతాయుష్మంతుల నగరమునగూడ జనులు లక్షలుగా నుండినచో ఏటేట కొందఱు మరణింపక మానరు. అట్లే ఒక్క ప్రోటానును యుగములపాటు కనిపెట్టుటకు మారుగా టన్నులకొలది పదార్థమును కొన్ని యేండ్లు కనిపెట్టియుండిన చాలును. అంతరిక్షమునుండి వచ్చు కిరణములు అడ్డురాకుండ ఈ కాపలా భూగర్భమున జరుగవలెను. వాతావరణమున పుట్టిన న్యూట్రినోలను 1965లో తొలిసారి గుర్తించిన స్థలములలో నొకటియు, తెలుగువారును తమిళులును తరతరములుగా శ్రమించినదియు నగు కోలారు బంగారు గనియందు టాటా మౌలిక పరిశోధనా సంస్థవారు జపాను శాస్త్రజ్ఞులతో కలసి, 2,300 మీటర్ల లోతున 140 టన్నుల యంత్రము నమర్చి 1980లో ఆ కాపలా ప్రారంభించిరి. ప్రోటాను క్షయము కావచ్చునని వారు భావించిన గుర్తులు కొన్ని కానవచ్చినవి గాని, అంతకంటె పెద్దవైన అమెరికా, జపాను యంత్రములు వానిని సమర్థింపలేదు.

పతి, సలాంల ప్రతిపాదన వెలువడిన కాలముననే మఱియొక భావము బలపడుచుండెను. కణములు రెండు వర్గములు: పదార్థమును కట్టు ఎలక్ట్రాను వంటి ఫెర్మియానులు, బలములను మోయు ఫోటాను వంటి బోసానులు. ఒక వర్గమును మఱియొక వర్గముతో ముడివేయు సూపర్ సిమెట్రీ యను మహాసౌష్ఠవమును 1971లో మాస్కోలో గోల్ఫాండ్, లిఖ్ట్‌మన్‌లును, 1974లో వెస్, జుమినోలును వేర్వేరుగా ప్రకటింపగా, దానికి సూపర్ స్పేస్ అను గణితరంగమును ఆ యేడే ట్రియెస్తెలో సలాం, జాన్ స్ట్రాత్‌డీలు సమకూర్చిరి. ఈ సౌష్ఠవము నిజమైనచో తెలిసిన ప్రతి కణమునకును ఒక జోడు కణము కలదు. ఆ జోడులను లెక్కలో చేర్చినచో గురుత్వము తప్ప తక్కిన మూడు బలముల తీవ్రతలు అత్యధిక శక్తియొద్ద ఒక్కచోట కలియుననియు, చేర్చనిచో కలియవనియు 1991లో సెర్న్ కొలతలనుబట్టి తేలినప్పుడు పలువురి ఆశ విశ్వాసముగా మారెను.

అయితే విశ్వాసము సాక్ష్యమునకు బదులు కానేరదు. సెర్న్‌లోని 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల లార్జ్ హాడ్రాన్ కొలైడర్ 2012లో కణముల ద్రవ్యరాశితో ముడివడిన హిగ్స్ బోసానును చూపినది గాని, జోడు కణము నొక్కదానినైనను చూపలేదు. ప్రబల బలమును మోయు గ్లూయానుకు జోడైన గ్లూయినో కలదేని, అది ప్రోటానుకంటె రెండువేల రెట్లకు మించి బరువుగలదై యుండవలెనని సరళీకృత నమూనాలనుబట్టి తేలుచున్నది. జపానులోని సూపర్ కమియొకాండే యంత్రములో 50,000 టన్నుల నీటిని 1996నుండి కనిపెట్టుచుండినను ప్రోటాను క్షయించిన జాడ తెలియరాలేదు. ముఖ్యమైన క్షయమార్గమున దాని ఆయువు 1 ప్రక్కన 34 సున్నలు చేర్చిన సంవత్సరములకు మించినదని నిర్ణయమైనది. ఆ యంత్రమే 1998లో న్యూట్రినోలు ఒక రకమునుండి మఱియొక రకమునకు మారుచున్నవనియు, కావున వానికి ద్రవ్యరాశి కలదనియు చాటినది. దీనివలన పతి, సలాంల ప్రతిపాదన రుజువైనదనుట తొందరపాటు. దాని రెండు ఫలితములలో ఒకటి సత్యమునకు చేరువగా వచ్చినదనుట న్యాయము.

కావున ఏకీకరణ సిద్ధాంతమును దాని సౌందర్యమునుబట్టి నమ్ముటయు, ఫలితము ఆలసించినదని త్రోసివేయుటయు రెండును తగవు. ప్రయోగమునకు నిలుచు ప్రశ్నను అది పుట్టించినదా యనునదే గీటురాయి. అట్టి ప్రశ్నకు సమాధానము వెదకుటలో మన దేశము ఒకనాడు ముందువరుసలో నుండెను. కోలారు గనులు 2001లో మూతపడినవి. తమిళనాడులోని తేని జిల్లాయందొక కొండక్రింద తలపెట్టిన న్యూట్రినో పరిశోధనాలయమునకు 2015 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఇంచుమించు 1,500 కోట్ల రూపాయల వ్యయముతో అనుమతి నిచ్చినను, స్థానికుల పర్యావరణ శంకలును, అనుమతుల వివాదములును చుట్టుకొని అది నేటికిని నిర్మాణమునకు నోచుకొనలేదు. ప్రజల శంకలకు దాపరికము లేక సమాధానము చెప్పుట ప్రభుత్వ ధర్మము. ఆ ధర్మమును నెరవేర్చి, ఆ కొండయందు గాని వేఱొక యోగ్యస్థలమున గాని, కోలారులో నిలిచిపోయిన పరిశోధనను పునఃప్రారంభింపవలెను.