బండి నంబరు కొడితే చరిత్ర రావాలి

పరవాడ ఫార్మా సిటీలోనో, అచ్యుతాపురం సెజ్‌లోనో ఉద్యోగం కుదిరిన కుర్రాడు పెళ్లికి ముందో, మొదటి బిడ్డ పుట్టాకో కారు కొనాలనుకుంటాడు. కొత్తదానికి చేతిలో డబ్బు చాలదు. సెకండ్ హ్యాండ్ వైపు చూస్తాడు. మా సబ్బవరం చుట్టుపక్కల ఇళ్ల ముందున్న కార్లలో అలా వచ్చినవి తక్కువేం కాదు. ఒకప్పుడు బేరానికి వెళ్తే వెంట తెలిసిన మెకానిక్ ఒకడు, గట్టిగా మాట్లాడగల మేనమామ ఒకడు ఉండేవారు. ఇప్పుడు వాళ్లతోపాటు ఏఐ కూడా వెళ్తోంది. బండి ఫొటోలు తీసి పెడుతున్నారు, సర్వీసు బిల్లులు పెడుతున్నారు, ఇంజను చప్పుడు రికార్డు చేసి పెడుతున్నారు. ‘ఇందులో దాచిన లోపం ఏమైనా ఉందా?’ అని తెలుగులోనే అడుగుతున్నారు.

మంచి మార్పే. అమ్మేవాడికి తెలిసినదాంట్లో సగం కూడా కొనేవాడికి తెలియకపోవడం ఈ వ్యాపారంలో మొదటి నుంచీ ఉన్న అన్యాయం. ఆ తేడాను ఏ పనిముట్టు కాస్త తగ్గించినా నేను దాని పక్షమే. ముఖ్యంగా కాగితాల దగ్గర ఏఐ బాగా పనికొస్తుంది. వెలిసిపోయిన సర్వీసు బిల్లులన్నీ ఫొటో తీసి ఇస్తే తేదీల వారీగా పేర్చి, కిలోమీటర్లు పెరగాల్సిన చోట తగ్గితే వెంటనే పట్టిస్తుంది. టైరు పక్కన చెక్కిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం అని చెబుతుంది. 2018 బండి, మీటరు మీద ముప్పై వేలే ఉన్నాయి, టైర్లు చూస్తే నాలుగూ 2023లో తయారైనవి. అంత తక్కువ తిరిగితే టైర్లు ఎందుకు మార్చాల్సి వచ్చింది? అద్దాల మూలల్లోనూ తయారీ గుర్తులుంటాయి. మూడు తలుపుల అద్దాలు ఒక ఏడాదివి, నాలుగోది తర్వాతిదైతే ఆ తలుపుకి ఏదో జరిగినట్టే. మీటరు తిప్పేయడం చిన్న పరికరంతో అయిపోయే ఈ రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు ఎంతో విలువైనవి.

అయితే ఆ పనిముట్టు ఎక్కడిదాకా వస్తుందో ఈమధ్య కళ్లారా చూశాను. మా వీధి కుర్రాడొకడు ఓ చిన్న కారు బేరానికి నన్నూ తోడు రమ్మన్నాడు. బయట నిగనిగలాడుతోంది. చుట్టూ తిరిగి ఫొటోలు తీసి ఏఐకి పెడితే, రంగులో తేడా కనిపించడం లేదనీ, తలుపుల మధ్య సందులు సమానంగానే ఉన్నాయనీ జవాబొచ్చింది. ఇంజను చప్పుడు కూడా రికార్డు చేశాడు గానీ, ఆరు వరసల రోడ్డు మీద పెందుర్తి వైపు పోయే లారీల మోతే అందులో ఎక్కువగా వినబడింది. ఇంతలో మాతో వచ్చిన మెకానిక్ జేబులోంచి చిన్న ఆయస్కాంతం తీసి, రంగు గీసుకుపోకుండా చేతిరుమాల్లో చుట్టి, తలుపు మీద పెట్టాడు. అతుక్కుంది. కాస్త కిందికి జరిపాడు. జారి చేతిలో పడింది. అక్కడ రేకు మీద మందంగా లప్పం ఉంది. పైన వేసిన రంగు పనితనం ఎంత బాగుందంటే కెమెరాకి తేడా తెలియలేదు, నా కంటికీ తెలియలేదు.

“బెల్టు సివరికంటా లాగు బాబూ” అన్నాడు కుర్రాడితో. వెనక సీటు బెల్టు పూర్తిగా బయటికొచ్చేసరికి, ఎప్పుడూ చుట్టలోనే ఉండిపోయే చివరి జానెడు మీద గోధుమ రంగు చార. డిక్కీలో స్టెప్నీ తీయించి కింద చేయి పెట్టి చూపించాడు. మూలల్లో మెత్తటి ఒండ్రు. సీటు పట్టాల బోల్టులకి తుప్పు. “ఇది నీట్లో ఉండి వచ్చిన బండి మాస్టారూ, ఒద్దని చెప్పండి” అన్నాడు నాతో.

ఒక సంగతి ఏఐ గొప్పతనంగా కూడా చెప్పాలి. అదే మెకానిక్ స్టీరింగు కింద స్కానరు తగిలించి, ఏ కోడూ లేదు, ఇంజను వరకు బాగానే ఉందన్నాడు. కుర్రాడు ఆ తెరని ఫొటో తీసి పెడితే, కోడ్లు లేకపోవడం నిజమే గానీ పరీక్షల్లో చాలావాటి పక్కన ‘పూర్తి కాలేదు’ అని ఉంది చూడమంది ఏఐ. బండి నడుస్తున్నప్పుడు కంప్యూటరు తనకు తానే చేసుకునే పరీక్షలవి. కోడ్లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా అవి మళ్లీ మొదటికొస్తాయి. పూర్తి కావాలంటే బండి కొన్నాళ్లు రకరకాల వేగాల్లో తిరగాలి. అంటే మనం రావడానికి కాస్త ముందే ఎవరో చెక్ ఇంజను లైటు ఆర్పేసి ఉండవచ్చు. మెకానిక్ చేతికి అందనిది ఏఐ పట్టుకుంది, ఏఐ కంటికి ఆననిది మెకానిక్ పట్టుకున్నాడు. రెండూ ఉండాలి.

ఆ బండి నీట్లో మునిగిందని బెల్టు చెప్పింది సరే. ఎక్కడ మునిగిందో ఎవరు చెప్పాలి? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఇప్పటి కార్లలో నీళ్లు తగలకూడనివి చాలావరకు కిందే ఉంటాయి. సీటు కింద, తివాచీ కింద వైర్ల కట్టలు, కనెక్టర్లు. ఆరబెట్టి, కడిగి, సెంటు కొడితే బండి కదులుతుంది. కొన్ని నెలలు బాగానే నడుస్తుంది. తర్వాత ఒక్కో వైరూ లోపల పచ్చబడి, ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు ఏబీఎస్ లైటు, ఎప్పుడో ఒకరాత్రి నడిరోడ్డు మీద ఇంజను మొత్తం ఆగిపోవడం. ఎయిర్‌బ్యాగు సంగతి ఇంకా భయం. అవసరమైన క్షణంలో అది విచ్చుకుంటుందో లేదో బయటినుంచి ఎవరూ చెప్పలేరు.

పూర్వం నంబరు ప్లేటు చూస్తే కొంత తెలిసేది. ఏపీ 31 అంటే విశాఖ, ఏపీ 16 అంటే కృష్ణా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే వరస తెచ్చాక బుడమేరు నీళ్లలో మునిగిన కారూ, సబ్బవరంలో షెడ్డు దాటి తడవని కారూ ఒకేలా కనిపిస్తున్నాయి. ఆర్సీ మీద ఏ రవాణా కార్యాలయంలో రిజిస్టరైందో మాత్రం ఉంటుంది. దాన్ని తప్పక చూడండి. మేం ఆ రోజు చూశాం, విజయవాడే. బేరం అక్కడితో ఆగింది.

రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ ఆ బండిని టోటల్ లాస్ కింద కట్టి, యజమానికి డబ్బిచ్చేస్తుంది. మిగిలిన బండి వేలానికి పోతుంది. విడిభాగాలకో, తుక్కుకో పోతే ఇబ్బంది లేదు. ఆర్సీ రద్దు కాకుండా బయటికొస్తేనే గొడవ. ఎవరో చవగ్గా పాడుకుని, బాగుచేసి, ‘సింగిల్ ఓనర్, షోరూం ట్రాక్’ అని అమ్ముతారు. ఇంకా ఘోరం, దొంగిలించిన కారుకి ఇలాంటి బండి ఛాసిస్ నంబరు కొట్టి అమ్మే ముఠాలను ఉత్తరాది రాష్ట్రాల పోలీసులు ఎన్నోసార్లు పట్టుకున్నారు.

నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. బండికి ఏం జరిగిందో ఎవరికీ తెలియని రహస్యం కాదు. క్లెయిము పరిష్కరించిన బీమా కంపెనీకి తెలుసు. కిలోమీటర్లు రాసుకున్న వర్క్‌షాపుకి తెలుసు. వేలంలో కొన్నవాడికీ తెలుసు. తెలియనిది తన డబ్బు పెట్టి, తన పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లబోయేవాడికి ఒక్కడికే. ఏఐ విషయంలోనూ అదే జరుగుతోంది. లండన్‌లో పుట్టిన ట్రాక్టబుల్ అనే కంపెనీ దెబ్బతిన్న కారు ఫొటోలు చూసి నష్టం అంచనా వేసే ఏఐని తయారుచేసింది. దాన్ని వాడేది బీమా కంపెనీలు. ఇజ్రాయెల్‌కి చెందిన యూవీఐ మొదట గేట్ల దగ్గర వాహనాల అడుగున బాంబులు వెతికే యంత్రాలు చేసేది. ఇప్పుడు అదే పద్ధతిలో కారు అడుగు భాగం, ఒంటి మీది దెబ్బలు స్కాన్ చేస్తోంది. దాన్ని పెట్టుకునేది డీలర్లూ వేలం కేంద్రాలూ. మన దగ్గర పెద్ద అమ్మకం కంపెనీలు వందల పాయింట్ల తనిఖీ అని చెప్పుకునేవి కూడా తాము ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో తేల్చుకోవడానికి ముందు పనికొచ్చి, ఆ తర్వాతే మనదాకా వస్తాయి. మంచి కళ్లన్నీ అమ్మే వైపే ఉన్నాయి. కొనేవాడికి దక్కింది ఫోన్ కెమెరా ఒక్కటి.

ప్రభుత్వం చూపించేది ఎంత? ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, పొల్యూషన్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా వస్తాయి. ప్రమాదం జరిగిందా, నీట మునిగిందా, ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏం జరిగిందన్నది రాదు. 2022 డిసెంబరులో కేంద్రం పాత వాహనాల డీలర్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. డీలరు రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, తన దగ్గరున్నంత కాలం బండికి తానే యజమాని కింద లెక్క. మంచిదే. బండి ఎవరి చేతిలో ఉందో దానివల్ల తెలుస్తుంది. దాని ఒంట్లో ఏముందో మాత్రం తెలియదు.

అందుకే ఈలోగా దొడ్డిదారిన తెలుసుకోవాల్సి వస్తోంది. ఒక దారి చెబుతాను, తెలిసినవాళ్లు తక్కువ. పాత బీమా పాలసీ కాగితం అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఉంటుంది. క్లెయిము లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదో ఏడాదికి 50. క్లెయిము చేస్తే సాధారణంగా సున్నాకి పడిపోతుంది. ఒకే యజమాని చేతిలో ఆరేళ్లున్న బండి పాలసీలో 20 శాతమే ఉంటే, రెండేళ్ల కిందట ఏం జరిగిందని అడగాలి. పాలసీ మధ్యలో తొంభై రోజులకు మించి ఆగిపోయినా బోనస్ పోతుంది, బోనస్‌ని కాపాడే అదనపు పాలసీ ఉంటే క్లెయిము చేసినా ఉంటుంది, బోనస్ బండికి కాకుండా యజమానికి చెందుతుంది. కాబట్టి దీన్నే రుజువు అనుకోకూడదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇదే. ఆ కాగితాలన్నీ ఏఐకి పెట్టి ఏ ఏడాది అంకె ఎందుకు తగ్గిందని అడిగించండి, అలాంటి పనిలో అది అలసిపోదు.

డల్లాస్‌లో ఉన్న మన పిల్లలు పాత కారు కొనేముందు కార్‌ఫాక్స్ అనే వెబ్‌సైటు తీసి ఛాసిస్ నంబరు కొట్టి చూసుకుంటారు. అక్కడ వరదలో మునిగి టోటల్ లాస్ అయిన బండికి ఆ ముద్ర దాని పత్రాల మీదే పడుతుంది. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష ఫలితాలు, ఆనాటి మైళ్ల లెక్కతో సహా, నంబరు ప్లేటు కొడితే ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. బెల్జియం ఇంకా సూటిగా వెళ్లింది. 2004లో చట్టం చేసి, 2006 నుంచి కార్‌పాస్ అనే పత్రం లేకుండా పాత కారు అమ్మకూడదంది. కారు గ్యారేజీకి వెళ్లిన ప్రతిసారీ మీటరు అంకె ఆ పత్రం ఇచ్చే సంస్థకి చేరాల్సిందే. ఇక మీటరు తిప్పి లాభమేంటి? అక్కడ ఏఐ కంటే చాలా ముందే, ఒక మామూలు పట్టికతో ఆ మోసానికి అడ్డుకట్ట వేశారు.

మనకు అలాంటి పట్టిక పెట్టడానికి కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ హైదరాబాద్‌లోనే ఉంది. దేశంలోని సాధారణ బీమా కంపెనీల పాలసీలు, క్లెయిముల వివరాలు సేకరించే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా హైదరాబాద్‌లోనే ఉంది. నో క్లెయిమ్ బోనస్ ఉందని మనం తప్పుగా చెబితే కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తేల్చుకోగలదు. అంటే కంపెనీల మధ్య దారి ఉంది. కొనేవాడికే లేదు.

యజమానుల గోప్యత మాటేమిటని అడగవచ్చు. పేరు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, ఎంత డబ్బు వచ్చిందన్నదీ అక్కర్లేదు. ఎంపరివాహన్‌లో ఇప్పుడున్న వరసల కింద మరో మూడు చాలు: పెద్ద నష్టానికి క్లెయిము జరిగిందా, జరిగితే ఏ ఏడాది; నీట మునిగినట్టు నమోదైందా; చివరి క్లెయిము, చివరి సర్వీసు నాటి కిలోమీటర్లు ఎన్ని. అది వచ్చిన రోజు ఫోన్‌లోని ఏఐ కూడా అసలు పని మొదలుపెడుతుంది. ఊహించి చెప్పడం మాని, లెక్క చూసి చెబుతుంది. కొనేవాడికే కాదు, బండిని శుభ్రంగా చూసుకున్న అమ్మకందారుకీ అప్పుడే సరైన ధర వస్తుంది.

అన్నీ ఒకేసారి కుదరకపోతే విజయవాడతో మొదలుపెట్టండి. 2024 వరదలో టోటల్ లాస్ కింద డబ్బు చెల్లించిన ప్రతి కారు నంబరూ ఆయా బీమా కంపెనీల దగ్గర ఉంది. ఆ నంబర్ల జాబితా ఒక్కటి రవాణా శాఖ వెబ్‌సైటులో పెట్టించమని రాష్ట్ర ప్రభుత్వం ఐఆర్‌డీఏఐని అడగాలి. వాటిలో కొన్ని ఇప్పటికే చేతులు మారి ఉంటాయి. మరికొన్ని ఇవాళ కూడా ఏదో ఒక ఊరి జంక్షన్‌లో కడిగి నిలబెట్టి ఉంటాయి.