పేష్గీ మనది, ఫాయిదా వాళ్లది

శంషాబాద్‌లో నెలకు నాలుగుసార్లు ఫ్లైటెక్కే పాలమూరు, నల్లగొండ కారోబారీ భాయీలకు ఒకటే మాట: పది టికెట్ల పైసలు పేష్గీగా కట్టించుకునే పాస్‌లు కొనకండి. అది రియాయత్ కాదు, కంపెనీకి మీరిచ్చే సూద్ లేని కర్జా.

2012లో కింగ్‌ఫిషర్, 2019 ఏప్రిల్‌లో జెట్, 2023 మేలో గో ఫస్ట్ నేలకు దిగాయి. ముందే కట్టిన ముసాఫిర్ల పైసలు ఇరుక్కుపోయాయి. 2016 దివాలా చట్టంలో ముందు వరుస తాకట్టున్న బ్యాంకులది, కార్మికులది. ముసాఫిర్ ఎక్కడో వెనక.

డిస్కౌంట్ ఉంది కదా అంటారా? మీటింగులు తప్పి మియాద్ దాటితే అదీ హవా.

అంగడిలో సామాను చూడకుండా పూరా పైసలివ్వని మనకు, ఆకాశంలో సౌదా మీద అంత భరోసా ఎందుకు? ప్రయాణం ఖాయమైనప్పుడే టికెట్ కొనండి. మునిగినా ఒక్క టికెటే మునుగుతుంది.