కొరికే పిల్లి ఏం చెబుతోంది?



పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి అందరూ చాపలు చుడుతుండగా ఒక సహోదరి మా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు. మా ఇంట్ల పన్నెండేండ్ల పిల్లి ఉన్నది. ఈ మధ్య ఊకెనే వచ్చి కాలు కొరుకుతాంది. మొన్న మనుమని చెయ్యి గూడ కొరికింది. మా ఆయనేమో సంచిల ఏసి డంపింగ్ యార్డు కాడ ఇడిసిపెట్టొస్త అంటుండు. ఆడ ఎలుకలకు తక్కువా, బతుకుతదిలే అంటుండు. ఇడిసిపెడితే పాపమా?"

పక్కన నిలబడినవాళ్లు నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. "ఆదివారం దాకా ఆగండమ్మా, మాట్లాడుకుందాం" అని చెప్పి పంపించాం. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకంటే అలాంటి పిల్లే మా ఇంట్లోనూ ఉంది. దాని విషయంలో మేము చేసిన తప్పు ఇంతవరకు సంఘంలో ఎవరికీ చెప్పలేదు. ఈరోజు చెప్పాలనుకుంటున్నాం.

జవహర్‌నగర్‌లో ఉండేవాళ్లకు ఎలుకల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. హైదరాబాదు చెత్తంతా మన పక్కకే వచ్చి పడుతుంది, దానితోపాటు ఎలుకలూ వస్తాయి. పద్నాలుగేళ్ల క్రితం మందిరంలో తబలా చర్మాన్ని, ప్రేమవిందుకు తెచ్చిన బియ్యం సంచిని ఒకే వారంలో కొరికేస్తే, విసిగిపోయి గుప్పెడంత పిల్లిపిల్లను తెచ్చుకున్నాం. చిన్ని అని పేరు పెట్టాం. పదేళ్లపాటు దాని పని అది చేసింది. మేము దాన్ని పెంచామనుకుంటాం గాని, మందిరం బియ్యాన్ని కాపాడింది అదే.

తర్వాత దానికి వయసు మీదపడింది. బల్లమీదికి ఒక్క గంతులో ఎక్కేది, ఇప్పుడు ముందు కుర్చీ, తర్వాత బల్ల. పోయిన ఏడాది నుంచి కొత్త అలవాటు మొదలైంది. మేము కూర్చుని ఆదివారం ప్రసంగం రాసుకుంటుంటే వచ్చి పిక్క మీద పళ్లు ఆనించేది. రక్తం రాదు, చురుక్కుమంటుంది. "పో" అని కసిరేవాళ్లం. కాసేపటికి మళ్లీ వచ్చేది. ఒక శనివారం రాత్రి గట్టిగానే కొరికింది. కోపం ఆపుకోలేక పేపరు చుట్టి రెండు దెబ్బలు వేశాం. అది మంచం కిందికి దూరి మరుసటి రోజంతా బయటికి రాలేదు. ఆ ఉదయం మేము పుల్పిట్ మీద నిలబడి దీర్ఘశాంతం గురించి మాట్లాడాం.

మేకలకు మందు కోసం పశువైద్యుడి దగ్గరికి వెళ్లే ఒక విశ్వాసి, "దాన్ని కూడా ఒకసారి చూపించండి అయ్యగారూ" అంటే బుట్టలో పెట్టుకుని వెళ్లాం. ఆయన దాని నోరు తెరిచి చూపించారు. వెనక పన్ను కుదురు దాకా పుచ్చిపోయి ఉంది, చిగురు వాచి ఎర్రగా ఉంది. "ఇది ఈరోజుది కాదు, నెలల నుంచి ఉండాలి" అన్నారు. నెలల తరబడి అది నొప్పితోనే తింటోంది, నొప్పితోనే మా దగ్గరికి వస్తోంది. దానికి మేము ఇచ్చిన జవాబు పేపరు దెబ్బ.

సంఖ్యాకాండము 22వ అధ్యాయం తెరిచి చదవండి. బిలాము గాడిదను మూడుసార్లు కొట్టాడు. మొదటిసారి అది దారి తప్పి పొలంలోకి పోయింది. రెండోసారి అతని కాలిని గోడకు అదిమింది. మూడోసారి కూలబడింది. బిలాముకు కాలు నొప్పి పుట్టిన మాట నిజమే. కాని గాడిద తనను ఎగతాళి చేస్తోందని అతడు అనుకున్నది అబద్ధం. అతనికి కనబడని దూత దానికి కనబడ్డాడు. చెప్పడానికి దానికి వేరే మార్గం లేదు, ఒళ్లే దాని భాష. దేవుడు దాని నోరు తెరిచాక గాని ఆ ప్రవక్తకు అర్థం కాలేదు. మన పిల్లులకు దేవుడు అలా నోరు తెరవలేదు. కాబట్టి కాటు దగ్గరే మనం అర్థం చేసుకోవాలి.

పిల్లి ఊరికే కొరకదు. ముసలి పిల్లి అసలే కొరకదు, దానికి అంత ఓపిక ఉండదు. ముందు చూస్తుంది, తర్వాత కాళ్లకు రాసుకుంటుంది, తర్వాత అరుస్తుంది. మనం ఫోన్‌లో తల దించుకుని ఉంటాం. నాలుగోసారి కొరుకుతుంది. అప్పుడు మాత్రం మనం లేస్తాం, మాట్లాడతాం, కనీసం తిడతాం. తిట్టయినా దానికి మన పలకరింపే. అంటే కొరికితేనే పలుకుతారని ఆ పిల్లికి నేర్పింది మనమే.

ఇక రెండో కారణం నొప్పి. పదేళ్లు దాటిన పిల్లిని వైద్యులు వృద్ధాప్యంలో ఉన్నదిగానే లెక్కిస్తారు. ఆ వయసులో పళ్లు, కీళ్లు, మూత్రపిండాలు దెబ్బతినడం మామూలే. చెవుడు వస్తే మనం వెనకనుంచి ముట్టుకోగానే ఉలిక్కిపడి కొరుకుతుంది. బాగా తింటున్నా చిక్కిపోతూ, రాత్రిళ్లు అరుస్తూ తిరుగుతుంటే థైరాయిడ్ జబ్బు కావచ్చు. పిల్లి నొప్పిని దాచుకునే జంతువు, మూలగదు. అందుకే ఎన్నడూ లేనిది ముసలితనంలో కొరకడం మొదలుపెడితే దాన్ని పొగరు అనుకోవద్దు, ముందు వైద్యుడికి చూపించండి. మన దగ్గర్లోని పశువైద్యశాలలో అడగండి, పెద్ద పరీక్షలు కావాలంటే నారాయణగూడలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మన ఇంట్లోని పారాసిటమాల్ బిళ్ల మాత్రం దయచేసి వేయవద్దు. మనకు జ్వరం తగ్గించే ఆ మందు పిల్లికి విషం.

జబ్బేమీ లేదంటే ఇక మిగిలింది మన పనే. కొరకకముందే పలకరించండి. ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు దానితో కూర్చోండి. ఒక దారం ముక్క లాగుతూ ఆడించండి, ఆట అయ్యాక ఆ దారం తీసి దాచేయండి, మింగితే ప్రమాదం. కొరికితే కొట్టవద్దు, అరవవద్దు. చేయి విదిలించుకోకుండా మెల్లగా తీసుకుని, లేచి పక్క గదిలోకి వెళ్లిపోండి. నిమురుతున్నప్పుడు తోక విసిరినా, చెవులు వెనక్కి వాల్చినా అక్కడితో ఆపండి, అది చాలంటోందని అర్థం. తలుపులు మూసి కొడితే పిల్లయినా తిరగబడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు.

మనవడి సంగతి ఏమిటని ఆ సహోదరి అడగడం న్యాయమే. పసిపిల్లలను పిల్లి దగ్గర ఒంటరిగా వదలకండి. మన ఇంటి పిల్లే కదా అని ఏ కాటునూ తేలిగ్గా తీసుకోకండి. దాని పళ్లు సూదుల్లా లోపలికి దిగుతాయి, పైకి చిన్న గాటే కనిపించినా లోపల చీము పడుతుంది. వెంటనే సబ్బుతో, కుళాయి నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అవసరమో కాదో వైద్యుడే చెప్పాలి. నారాయణగూడ ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి మనకు తెలిసినవే. రేబిస్ కుక్కల వల్లే కాదు, పిల్లుల వల్ల కూడా వస్తుంది, వచ్చాక మందు లేదు. పిల్లికి ఏటా టీకా వేయించడం మీ మనవడికి చేసే మేలే.

"మనుషుల మందులకే డబ్బుల్లేవు, పిల్లికి ఎక్కడినుంచి తెస్తాం అయ్యగారూ?" అనేవాళ్లున్నారు. కూలికి వెళ్లే ఇళ్లలో అది నిజమైన మాటే, దాన్ని మేము తక్కువ చేయం. అప్పు చేసి వైద్యం చేయించమని అనడం లేదు. కాని ఆ పిల్లి అడుగుతున్నదాంట్లో ఎక్కువ భాగానికి డబ్బు అక్కర్లేదు. 2 సమూయేలు 12వ అధ్యాయంలో నాతాను చెప్పిన బీదవాడు ధనవంతుడు కాదు. అయినా తన ముద్దలోనే ఆ గొఱ్ఱెపిల్లకు పెట్టాడు, తన పక్కనే పడుకోబెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ సహోదరి ప్రశ్నకు జవాబు. అమ్మా, వదిలేయడం తప్పే. పన్నెండేళ్లు మీ చేతి అన్నం తిన్న ముసలి పిల్లి ఆ చెత్తకుప్పల మధ్య ఎలుకలు పట్టి బతకదు. కుక్కల నోట పడుతుంది, లేదా ఆకలితో చస్తుంది. ఆకలిదప్పులకు జంతువును వదిలేయడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం కూడా. చట్టం సంగతి అలా ఉంచినా, నీతిమంతుడు తన పశువును ఎలా చూస్తాడో సామెతలు 12:10లో ఉంది, ఇంటికి వెళ్లి మీ ఆయనతో కలిసి చదవండి. ఇంటి పిల్లి పేరు మన 66 పుస్తకాల బైబిల్లో ఎక్కడా కనబడదు. అంతమాత్రాన ఆ వాక్యం దానికి వర్తించకుండా పోదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. మన ఇళ్లలో మాటతో కొరికే ముసలివాళ్లు కూడా ఉన్నారు. "ముసల్దానికి నోరెక్కువైంది" అని అంటుంటాం. ఆమె మొదట మెల్లగా పిలిచింది, తర్వాత దగ్గింది, తర్వాత గిన్నె చప్పుడు చేసింది. అప్పుడు మనం ఎక్కడున్నామో ఒకసారి ఆలోచించండి.

చిన్నికి పన్ను తీయించాం. ఇప్పుడు మెత్తటి అన్నం తింటుంది. కొరకడం పూర్తిగా మానలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఈ మాటలు రాస్తుండగా కూడా ఒకసారి వచ్చి పిక్క మీద పళ్లు ఆనించింది. పెన్ను కింద పెట్టి కాసేపు దానితో కూర్చుని, మళ్లీ రాయడం మొదలుపెట్టాం.

ఆ సహోదరీ, మీ పిల్లిని సంచిలో వేయకండి. సోమవారం ఉదయం బుట్టలో పెట్టుకుని మందిరం దగ్గరికి రండి. పశువైద్యశాలకు మేమూ తోడు వస్తాం.

దేవుడు మిమ్మును, మీ ఇంటిని, మీ ఇంటి మూగజీవాలను దీవించును గాక. ఆమేన్.